వైట్‌నర్ కింద ఓడ

నాకు ఒక పద్యంలో మొదటి పాదం మాత్రమే వచ్చు. మిగిలిన మూడు పాదాలు ఈ భూమ్మీద ఇక ఎవరికీ రావు. అలా చేసింది నేనే. కాలం చేసిందనీ, పరాయి దేశం చేసిందనీ చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కుదరలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాస్తే మనసు తేలికపడుతుందని అంటారు గానీ నాకా ఆశ లేదు.

మా ఇంట్లో నాన్నకి నాటకాల పిచ్చి, అమ్మకి సినిమాల పిచ్చి. నేను అమ్మ పార్టీ. మా ఊరి తిరునాళ్లలో ఒక పాత పద్యనాటకం ఆడేవారు. తమ్ముడి కుట్ర వల్ల రాజ్యమూ చూపూ రెండూ పోగొట్టుకున్న రాజు ఒకడు ఎక్కడో ఏటి రేవులో పడవ నడుపుకుంటూ బతుకుతుంటాడు. రాణి అడవులు దాటి, అతన్ని వెతుక్కుంటూ ఆ రేవుకి వస్తుంది. గుడ్డివాడికి ఆమె కనపడదు కదా. ఆమె పద్యం ఎత్తుకోగానే గొంతు విని గుర్తుపడతాడు. నాటకమంతా ఆ ఒక్క పద్యం కోసమే.

అది సినిమాగా వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మ నన్ను మ్యాట్నీకి తీసుకెళ్లింది. అంతే, నేను మళ్ళీ నాటకం మొహం చూడలేదు. నాటకంలో ఏరంటే ఇద్దరు మనుషులు చెరో పక్కన కూచుని ఊపే నీలం చీర. సినిమాలో నిజం ఏరు, నిజం అడవి, రాణి చెంప మీద నిజం కన్నీళ్లు. నాటకంలో రాణి వేషం ఒక మగాడు కట్టేవాడు. గడ్డం గీసుకున్న చోట పౌడరు పగిలి ఆకుపచ్చగా కనపడేది. సినిమాలో రాణి సంగతి చెప్పక్కర్లేదు, ఆవిడ కళ్లెత్తితే హాల్లో గుసగుసలు ఆగిపోయేవి. ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఇప్పుడు దాని పేరు రాయడం కూడా నాకిష్టం లేదు.

నాన్న మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "సినిమాలో వన్స్‌మోర్ అంటే వినేవాడెవడే?" అనేవాడు. ఆ మాట నిజమే. నాటకంలో రాణి పద్యం అవగానే జనం "వన్స్‌మోర్" అని గోల పెట్టేవారు. అప్పటికే భార్యను గుర్తుపట్టి, కావలించుకుని భోరుమంటున్న రాజు చటుక్కున ఆమెను వదిలేసి, కళ్లు తుడుచుకుని, మళ్ళీ గుడ్డివాడై వెళ్లి పడవలో కూచునేవాడు. రాణి మళ్ళీ మొదటినుంచీ పాడేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. నాన్న కళ్లల్లో మాత్రం ఆ రెండోసారి కూడా నీళ్లు తిరిగేవి. మీ నాన్నకి మతి లేదని అమ్మ అనేది, నేనూ అదే అనుకునేదాన్ని.

పెళ్లయ్యాక కొన్నేళ్లు హైస్కూల్లో తెలుగు టీచరుగా చేశాను. తప్పు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. పెళ్లి శుభలేఖ వచ్చినా ముందు అచ్చుతప్పులు దిద్ది, తరవాత ముహూర్తం చూసే రకం నేను. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అందరూ మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడాది, మా ఆయనకి డర్బన్‌లో, స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీల వైపు ఒక కంపెనీలో ఇంజినీరు ఉద్యోగం దొరికింది. నా పెట్టెలో ఆవకాయ సీసా, రెండు నిఘంటువులు, ఆ సినిమా వీడియో క్యాసెట్టు పెట్టుకున్నాను. దేశమంతా కొత్త జెండా కట్టుకుని సంబరంగా ఉంది. నాకు మాత్రం చేతిలో పని లేదు. దిద్దడానికి ఒక్క కాగితం లేక చేతులు పీకుతుండేవి.

అలాంటప్పుడు అక్కడి తెలుగు సంఘం వాళ్లు మా ఇంటికొచ్చారు. నూటికి పైగా ఏళ్ల కిందట చెరకు తోటల్లో పనికి వచ్చిన వాళ్ల మనవలు, మునిమనవలు. నాతో అంతా ఇంగ్లీషే. తెలుగులో వాళ్లకి మిగిలింది తాత, అవ్వ, అత్త, పులుసు, నాలుగు తిట్లు, రెండు భజనలు. పూర్వం క్లెయిర్‌వుడ్ తోటల దగ్గర వాళ్లకొక రేకుల హాలు ఉండేదట. అందులో ఏటా ఒక నాటకం ఆడేవారట. ఫ్యాక్టరీలొచ్చి తోటలూ ఇళ్లూ హాలూ పోయాక నాటకమూ ఆగిపోయిందట. ఇప్పుడు రోజులు మారాయి కాబట్టి దాన్ని మళ్ళీ ఆడాలని ముచ్చటపడుతున్నారు. పుస్తకం ఒక తాత దగ్గరుంది, ఇండియా నుంచి వచ్చిన టీచరు కాస్త చూసిపెడితే బాగుంటుందన్నారు.

కథేమిటని అడిగాను. గుడ్డి రాజు, పడవ, రాణి అన్నారు. నేను ఎగిరి గంతేశాను. నా సినిమాయే!

తాత ఇల్లు మాకు రెండు వీధుల అవతల. ఎనభై దాటిన మనిషి. ఇంటి వెనక నూనె డ్రమ్ములు సగానికి కోసి వాటిల్లో మెంతికూర, చుక్కకూర పెంచుతున్నాడు. క్లెయిర్‌వుడ్‌లో పుట్టి, అక్కడే కూరగాయలు పండించి, అక్కడినుంచి వెళ్లగొడితే ఇక్కడికొచ్చిన మనిషి. భార్య ఎప్పుడో పోయింది. కూతురితో ఉంటున్నాడు. కూతురిది నా వయసే, ఆసుపత్రిలో నర్సు. పెళ్లినాటికే ఆవిడ చర్చిలో చేరిపోయింది. తండ్రిని ప్రేమగానే చూసుకునేది గానీ ఇంట్లో దేవుడి పటాలు లేవు.

"నువ్వు ఏ ఊరు?" అన్నాడు నన్ను చూడగానే. అంత పెద్దాయనైనా మొదటి పలకరింపులోనే నువ్వు అనేసరికి చివుక్కుమంది. వాళ్ల తెలుగులో మీరు అనే మాటే రాలిపోయిందని తరవాత తెలిసింది. దేవుణ్ణీ నువ్వే, డాక్టర్నీ నువ్వే.

ఊరి పేరు చెప్పాను. ఆయనకి తెలియదు. "మాది వైజాగు పక్క. మా అయ్య సెప్పినాడు. పేరు మర్సిపోనాను," అన్నాడు.

నాటకంలో తాత వేసింది రాజు వేషం కాదు, రాణి వేషం. పదిహేనో ఏట మొదలుపెట్టి, హాలు కూల్చేసే దాకా ఆయనే రాణి. రాజు వేషం వేసిన అన్న ఎప్పుడో పోయాడు. పుస్తకం తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టాడు. అట్టకి గుడ్డ అతికించిన పాత నోటు పుస్తకం. తండ్రి నోటితో చెబుతుంటే కుర్రతనంలో తాను రాసుకున్నదట. తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగు పద్యాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, నీలం సిరాతో ఉన్నాయి. రెండు పేజీలు చదివేసరికి నాకు ఒళ్లంతా తేళ్లు పాకినట్టయింది. ఒత్తులు లేవు, దీర్ఘాలు లేవు, సగం మాటలు ఏ మాటలో తెలియవు.

"రేవులో పద్యం పాడండి తాతగారూ," అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. భుజం మీద తువ్వాలు తీసి తలమీదుగా ముసుగు వేసుకున్నాడు. ఆ ముడతల చెయ్యి ఒకటి ఎలా వంగిందో ఏమో, ఆడమనిషి చెయ్యయింది. కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

"ఓడ దిగితిని గాని ఒడ్డు దొరకదాయె…"

"ఆగండి, ఆగండి," అన్నాను. "ఓడ ఎక్కడిది ఇక్కడ?"

"ఏటమ్మా?"

"రాణి అడవిలోంచి కదా వస్తుంది. ఓడ ఎక్కదు."

"ఎక్కినాది. మా అయ్య సెప్పినాడు. రాణి ఓడ దిగినాది, ఏరు కాడికి ఒచ్చినాది."

"అది తప్పు తాతగారూ. ఈ కథలో సముద్రమే లేదు."

"తప్పా?" అన్నాడు. ముసుగు ఇంకా తలమీదే ఉంది. ఆ మాట ఆయన నన్ను దబాయించడానికి అనలేదు, తెలుసుకోవడానికి అడిగాడు. మీ నాన్నగారు ఎక్కడో పొరబడి ఉంటారని చెప్పాను. రెండో పాదం పాడమని అడగాలని కూడా నాకు తోచలేదు. తప్పుడు పాఠంలో మిగతా పాదాలు వినడం దేనికి?

మర్నాడు శనివారం. మధ్యాహ్నం మా ఇంటికి పిలిచి క్యాసెట్టు వేశాను. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని వచ్చాడు. కూతురు కారులో దింపి తానూ కూచుంది. దేవుళ్ల పాటలున్న సినిమాలు చూడకూడదని వాళ్ల చర్చిలో చెబుతారు కాబోలు, తలుపు పక్క కుర్చీలో పత్రిక తిరగేస్తూ కూచుంది. రేవు సీను వచ్చింది. తాత ముందుకు జరిగాడు, ఇంకా ముందుకు జరిగాడు. రాణి పాట మొదలవగానే రెండు చేతులూ జోడించాడు.

"ఈయమ్మే రాణి. అచ్చం రాణి," అన్నాడు.

పాట అయ్యాక జోడించిన చేతులు విడదీసి, వాటివంక చూసుకున్నాడు. మట్టిపని చేసిన చేతులు, గోళ్ల చుట్టూ నల్లగా పగిలి ఉన్నాయి. "మరి మేం సేసింది ఏటి?" అన్నాడు మెల్లిగా.

నాకు అప్పుడెంత సంతోషమేసిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. ఎనభై ఏళ్ల మనిషికి అసలు సంగతి చూపించాననుకున్నాను. ఇంకో ప్లేటు పకోడీలు తెచ్చిపెట్టాను.

వెళ్లేటప్పుడు గుమ్మంలో కూతురు ఆగింది. ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషే, నేను తెలుగులో రాస్తున్నాను. సిటీలో పెద్ద థియేటరులోకి ఒకప్పుడు తమలాంటి వాళ్లని రానిచ్చేవారు కారట. తలుపులు తెరిచాక మొదటిసారి వెళ్లి ఒక ఇంగ్లీషు సంగీత నాటకం చూసిందట. తరవాత అదే కథ సినిమాగా టీవీలో వస్తే చూసిందట. "సినిమా అందంగానే ఉంది. కానీ పాడే మనిషి ఎక్కడా ఊపిరి తీసుకోదు. స్టేజీ మీద ఆ ఊపిరి వినబడింది నాకు. మా నాన్న పాడినప్పుడు కూడా వినబడేది," అంది.

ఊపిరి వినబడటం పాటలో లోపమని చెప్పాను. ఆవిడ కారెక్కింది.

పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. వేరే కాగితాల మీద రాసిస్తే సరిపోయేది. కానీ తాతకి ఆ పుస్తకమే అలవాటు, ఏ పేజీలో ఎక్కడేముందో వేలికి తెలుసు కాబట్టి అందులోనే దిద్దితే మేలనుకున్నాను. చిన్న సీసా వైట్‌నర్ కొన్నాను. బ్రష్షుతో ఒక్కో తప్పు మీదా పూసి, ఆరేదాకా ఊది, పైన ఒప్పు రాశాను. రేవు పద్యం పేజీకి వచ్చేసరికి మొదట్లోనే ఓడ కనపడింది, మిగతా పాదాలు చదవకుండానే నాలుగూ తప్పేనని తేల్చేశాను. పేజీ మొత్తం తెల్లగా పూసేశాను. ఒకసారి పూస్తే నీలం సిరా లీలగా కనపడుతోందని రెండోసారి కూడా పూశాను. ఆరాక సినిమా పాట రాశాను, ఆయన చదువుకునేలా ఇంగ్లీషు అక్షరాల్లోనే, గుండ్రంగా. నా దస్తూరి చూసి నేనే మురిసిపోయాను.

రిహార్సళ్లు నా చేతిలోకి వచ్చేశాయి. రాజు వేషానికి స్టాంగర్ నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు, అక్కడి బ్యాంకులో ఉద్యోగం. రాణి మాత్రం తాతే వెయ్యాలని సంఘం పట్టుబట్టింది. సినిమా పాట వరస పాతికేళ్ల ఆడమనిషి గొంతుకి కట్టింది, తాత గొంతు దానికి అందేది కాదు. పైకి వెళ్లినప్పుడల్లా చీరుకుపోయేది. "ఐకోనా, రాదమ్మా," అని, జూలూ మాటతో కలిపి కాదంటూ తల అడ్డంగా ఊపేవాడు, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఇంటి దగ్గర కూడా అదే సాధన చేస్తున్నాడని కూతురు చెప్పింది.

ఒకరోజు పాట మధ్యలో ఆగి అడిగాడు. "ఓడ ఉంచితే ఏటవుద్ది?"

"నవ్వుతారు తాతగారూ."

"ఎవురు నవ్వుతారు?"

"తెలిసినవాళ్లు," అన్నాను.

ఆ ఊళ్లో ఆ సినిమా సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆయన్ని చూసి నవ్వేది ఎవరైనా ఉంటే అది నేనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం, స్కూలు హాల్లో నాటకం ఆడారు. క్లెయిర్‌వుడ్ నుంచి చెల్లాచెదురైన కుటుంబాలన్నీ వచ్చాయి. ముసలమ్మలు చీరలు కట్టుకుని, ఒళ్లో బిర్యానీ డబ్బాలు పెట్టుకుని ముందు వరసల్లో కూచున్నారు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మా ఊళ్లో తెలుగువాళ్లందరం "వన్స్‌మోర్" అని ఇంగ్లీషులో అరుస్తాం. ఒక వాక్యం తెలుగులో మాట్లాడలేని వీళ్లు మాత్రం "మళ్ళీ! మళ్ళీ!" అని తెలుగులో అరుస్తారట. రేవు పద్యానికి ఎప్పుడూ మూడు మళ్ళీలు పడేవని తాత గర్వంగా చెప్పాడు. అందుకని రాజు వేషం కుర్రాడికి, మళ్ళీ అని వినబడగానే రాణిని వదిలేసి తిరిగి పడవలో ఎలా కూచోవాలో కూడా నేర్పి ఉంచాం.

రాణి రేవులోకి వచ్చింది. ఇద్దరు మనుషులు నీలం చీర ఊపుతున్నారు. తాత ముసుగు సర్దుకున్నాడు. ముందు వరస ముసలమ్మలు ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకోవడం తెర పక్కనుంచి చూశాను. తాత సినిమా పాట ఎత్తుకున్నాడు.

రెండు పాదాలయ్యాయి. ముందు వరసలో అందరికన్నా పెద్దావిడ కర్ర ఊతగా సగం లేచింది. "ఓడేదిరా? ఓడెక్కడెట్టినావు?" అంది గట్టిగా.

తాత ఆగిపోయాడు. ఆవిడవంక చూశాడు, తరవాత నావంక చూశాడు. అప్పటికైనా నేను నోరు మూసుకుని ఉంటే, ఆ ఓడ దానంతటదే ఆయన నోట్లోంచి వచ్చి ఉండేదని నా నమ్మకం. నేను మూసుకోలేదు. హాలంతా వినబడేలా మూడో పాదం అందించాను. ఆయన బుద్ధిగా అందుకున్నాడు. పైకి వెళ్లేచోట గొంతు చీరుకుపోయింది, చీరుకుపోయిన గొంతుతోనే పూర్తి చేశాడు.

రాజు గుర్తుపట్టి రాణిని కావలించుకున్నాడు. హాల్లో ఎవరూ అరవలేదు. కుర్రాడు ఒక్క క్షణం చూశాడు, మళ్ళీ వెళ్లి పడవలో కూచోవాలేమోనని. మెడ తిప్పి నావైపు, వెళ్లనా అన్నట్టు కనుబొమలెత్తాడు. వద్దని చెయ్యి ఊపాను. తరవాత అందరూ చప్పట్లు కొట్టారు, మర్యాదగా, ముఖ్య అతిథికి కొట్టినట్టు.

లోపల తాత కొబ్బరినూనెతో పౌడరు తుడుచుకుంటున్నాడు. "కరెట్టుగా పాడినానా?" అని అడిగాడు.

"కరెక్టుగా పాడారు తాతగారూ," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆ తరవాత ఇక పాడలేదు. మెంతికూర డ్రమ్ముల దగ్గర ఏదో ఒకటి కూనిరాగం తీసే మనిషి, అది కూడా మానేశాడని కూతురు ఒకసారి రోడ్డు మీద కలిసినప్పుడు చెప్పింది. పెద్దవయసు కదా అన్నాను. కొన్నాళ్లకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అక్కడ జూన్, జూలైల్లో చలికాలం. ఆ చలికాలంలోనే పోయాడు.

పోయిన మర్నాడు పొద్దున కూతురు మా ఇంటికొచ్చింది. చేతిలో ఆ గుడ్డ అట్ట పుస్తకం. చివరి రోజుల్లో ఆయన కూడా చర్చి ప్రార్థనకి తల ఊపి ఒప్పుకున్నాడని, సమాధి చేసేముందు చర్చిలో సభ పెడతారని చెప్పింది.

"మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. నాన్నే జడ వేసేవాడు," అంది. "రాణి వేషానికి సవరం కట్టుకునేవాడు కదా, ఆడవాళ్లకన్నా బాగా వేసేవాడు. జడ వేస్తున్నంతసేపూ ఒక పాట పాడేవాడు. అందులో ఓడ అన్న మాట ఒక్కటే నాకు తెలుసు. అర్థం అడిగితే, మా అవ్వ దిగిన ఓడ అనేవాడు. పాస్టర్‌ని అడిగాను. దేవతల పేర్లు లేకపోతే చర్చిలో పాడుకోవచ్చన్నారు. నేను ఇంగ్లీషు అక్షరాలు చూసి చదవగలను. ఏ పేజీలో ఉందో చూపించు. దేవుళ్లెవరూ లేరు కదా అందులో?"

సాయంత్రానికల్లా చూసి పెడతానని పుస్తకం తీసుకున్నాను. ఆవిడ వెళ్లగానే వీధి తలుపు గడియ పెట్టాను.

ఆ పేజీని కిటికీ అద్దానికి ఆనించి చూశాను. రెండు పూతలు, ఏమీ కనపడలేదు. మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి ఒక మూల మెల్లిగా గీకాను. తెల్లపొడి రాలింది, దానితోపాటు కింద నీలం సిరా కూడా పొడై రాలింది. ఇంకోచోట గీకాను, కాగితం పొరలుగా లేచిపోయింది. మధ్యలో ఒక 'da', ఒక 'na' దొరికాయి. అవి ఏ మాటల్లోవో దేవుడికి తెలియాలి. ఓడ ఏదని అడిగిన ముసలావిడ ఇంటికి పరుగెత్తాను. ఆవిడకి పద్యంలో మాటలు గుర్తు లేవు. "ఓడ ఒస్తాది, అప్పుడు మేం ఏడుస్తాం, మళ్ళీ అంటాం," అంది. అంతే. మిగిలినవాళ్లు ఎవరి వేషం మాటలు వాళ్లే నేర్చుకున్నవాళ్లు. కూతురు చెప్పిన ఆ అవ్వ సముద్రం మీద ఓడలో కాకపోతే మరెందులో వస్తుంది? దేశం కాని దేశంలో దిగి, మొగుడెక్కడో తెలియక, ఏ రేవులోనైనా గొంతు గుర్తుపట్టేవాడు దొరుకుతాడేమోనని పాడింది. తాత తండ్రి పొరబడలేదు. తన తల్లిని కథలోకి ఎక్కించాడు. గుడ్డివాడికి రాణి అందంతో పనేమిటని కూడా నాకు అప్పుడే తట్టింది. ఆ సినిమా అన్నిసార్లు చూసిన నాకు అంతకు ముందెప్పుడూ తట్టలేదు.

సాయంత్రం కూతురు వచ్చింది. పుస్తకం తెరిచి పేజీ చూపించి, చేసిందంతా చెప్పాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను. ఆ చిరుగుల మీద వేలితో తడిమింది.

"ఇప్పుడు పైన ఉన్నదేమిటి?"

"సినిమా పాట."

"ఇందులో దేవుడి పేరు ఉందా?"

"ఉంది," అన్నాను.

"అయితే ఇది కూడా పనికిరాదు," అని పుస్తకం మూసింది. "ఏమీ గుర్తులేదా నీకు? నీ ముందు పాడాడుగా," అంది.

"ఒక్క పాదం విన్నాను. అక్కడే ఆపేశాను."

"ఆ ఒక్కటే చదువు," అంది. "ఎల్లుండి."

చర్చి నిండా జనం. క్లెయిర్‌వుడ్ ముసలమ్మలు కూడా వచ్చి వెనక బెంచీల్లో కూచున్నారు. ఇంగ్లీషు ప్రార్థనలయ్యాక పాస్టర్ నావైపు తల ఊపాడు. లేచి మైకు దగ్గరికి వెళ్లాను. ఎదురుగా పెట్టెలో తాత. టై కట్టారు. పాడటం నాకు రాదు, వచ్చినా పాడే మొహం లేదు. చదివాను.

"ఓడ దిగితిని గాని ఒడ్డు దొరకదాయె."

అక్కడ ఆగాను. తరవాతిదాని కోసం అందరూ చూస్తున్నారు. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని కొందరు జాలిగా తలలు వంచుకున్నారు. మొదటి బెంచీలో కూతురు తల వంచుకోలేదు, నన్నే చూస్తోంది. ఆ చర్చిలో అసలు సంగతి తెలిసినవాళ్లం మేమిద్దరమే.

అప్పుడు వెనక బెంచీలోంచి కర్ర చప్పుడైంది. "మళ్ళీ!" అంది ఆ ముసలావిడ.

పక్కనున్నవాళ్లు ఊరుకోమని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ విదిలించుకుంది. "మళ్ళీ!"

నా దగ్గర ఉన్నది ఆ ఒక్క పాదమే. మళ్ళీ అదే చదివి, వచ్చి కూచున్నాను.